ఒక గ్లాసు వేడినీళ్ళు

ఆయన పోయిన నాలుగో రోజు నా షాపులో రొయ్యల గుంట కాపలాదారు ఒకతను గడ్డం గీయించుకుంటూ అడిగాడు.

"ఆ ప్లాస్టిక్ ముసలాయన పోయినాడంట గదన్నా. ఆ పెళ్ళిలో మేళం పరువు తీసినాడే, ఆయనేగా?"

నా చేతిలోని కత్తి అతని గొంతు దగ్గర ఉంది. గీస్తూనే "ఊ" అన్నాను.

"ఏం పిచ్చో ఏమో. సన్నాయికి ప్లాస్టిక్ పెడితే యాడైనా మోగతాదా?" అని అతనే నవ్వుకున్నాడు.

మోగుతుంది. నేను వాయించాను కాబట్టి నాకు తెలుసు. ఆ పెళ్ళిలో మేళం పరువు తీసింది ఆయన కాదు. నేను. అప్పటికి నాలుగేళ్ళుగా ఆ మాట ఎవరికీ చెప్పలేదు. ఆయన పోయాక కూడా ఒక్క "ఊ"తో ఆ తప్పును మళ్ళీ ఆయన మీదికే తోసేశాను. అందుకని ఇది రాస్తున్నాను.

మా ఇళ్ళల్లో క్షవరం, సన్నాయి రెండూ తాతల నాటి నుంచి వస్తున్న పనులే. మామూలు రోజుల్లో షాపు, ముహూర్తాలు ఉన్నప్పుడు మేళం. ఆయన నాకు వరసకు మామ. తోటపల్లి గూడూరు దాటి సముద్రం వైపు వెళితే రొయ్యల గుంటల మధ్య చిన్న ఊరు, అక్కడ ఉండేవాడు. వయసులో ఉన్నప్పుడు గొప్ప వాయిద్యగాడని మా నాయన చెప్పేవాడు. నేను మేళంలో ముందు కూర్చుని వాయించేసరికి ఆయనకు ముందరి పళ్ళు నాలుగు ఊడిపోయాయి. పళ్ళు లేకపోతే పెదవులకు పట్టు ఉండదు. అందుకని సన్నాయి పక్కన పెట్టి నా వెనక కూర్చుని తాళం వేసేవాడు. మనిషి సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. చొక్కా జేబు మాత్రం ఎప్పుడూ ఉబ్బి ఉండేది. లోపల అన్నీ డబ్బాల మూతలూ, కప్పుల ముక్కలూ.

ఏ ప్లాస్టిక్ వస్తువు చేతికి దొరికినా బొటనవేలి గోరుతో టక్కున మీటి చెవి దగ్గర పెట్టుకునేవాడు. కొట్టు దగ్గర నూనె డబ్బా అయినా, బస్సులో ఎవరో తాగి పారేసిన నీళ్ళ సీసా అయినా అంతే. ఒకసారి ఆసుపత్రిలో ఎవరినో చూడడానికి వెళ్ళి, ఆ రోగి తల దగ్గర వేలాడుతున్న సెలైన్ సీసాను మీటి నర్సు చేత తిట్లు తిన్నాడు. పెళ్ళి భోజనాల్లో అందరూ ఐస్‌క్రీం కోసం చూస్తుంటే ఈయన కప్పు కోసం చూసేవాడు.

"ఇంకోటి తెమ్మంటారా పెద్దాయనా?" అని వడ్డించే వాళ్ళు అడిగేవాళ్ళు.

"నాకొద్దు నాయనా. ఆ పక్కాయన తినేసినాడు చూడు, ఆ కప్పు ఇప్పించు."

సిగ్గుతో మేమందరం తలలు దించుకునేవాళ్ళం. ఆయనకు సిగ్గు లేదు. కప్పు కడిగి జేబులో పెట్టుకుని, "ఇది అరస్తాది. పాడదు. పాడే జాతి వేరే ఉండాది. యాడో ఉండాది అబ్బయా, మనకు దొరకలా" అనేవాడు.

ఈ వెతుకులాట ఎందుకో చెప్పాలి. సన్నాయి కొసన పెదవుల మధ్య పెట్టుకునే చిన్న రెల్లు ముక్కను మేము సీవాళి అంటాం. రెండు పలచటి రేకులు, వాటి మధ్య సన్నటి సందు. ఊదినప్పుడు ఆ రేకులు కొట్టుకుంటేనే శబ్దం పుడుతుంది. అది లేని సన్నాయి ఒట్టి కర్ర గొట్టం. మాకు సీవాళీలు తమిళం పక్క నుంచి వచ్చేవి. మా సముద్రపు గాలికి అవి తొందరగా నాని బరువెక్కేవి, బూజు పట్టేవి, ఎండాకాలం గాలి మారితే నిలువునా చీలేవి. కరోనాకు తడ దగ్గర సరిహద్దు దారులు మూసేసినప్పుడు అవి రావడమే ఆగిపోయింది. ఉన్నవి చీలిపోయాయి. అప్పుడు మొదలుపెట్టాడు ఆయన.

పెరుగు డబ్బా పిల్లిలా అరిచింది. షాంపూ సీసా గురక పెట్టింది. ఎవరో తెచ్చిచ్చిన సెలైన్ సీసా ఏమీ అనలేదు. "ఇది మూగది" అని దాన్ని జాలిగా పక్కన పెట్టాడు. ఆఖరికి కూల్‌డ్రింకు సీసా పొట్ట భాగం ఆయనకు నచ్చింది. దాన్ని రెండు వేళ్ళంత ముక్కగా కోసి, మేము గడ్డాలకు వాడే కత్తితోనే గీకేవాడు. గీకి గీకి ఎండకు పట్టి చూసి మళ్ళీ గీకేవాడు.

"మనిషి చెంప కంటే మెత్తగా గీయాలబ్బయా. మనిషైతే అబ్బా అంటాడు, మనం ఆపతాం. ఇది అనదు. మనమే తెలుసుకుని ఆపాల" అనేవాడు.

తర్వాత దాన్ని వేడినీళ్ళల్లో ముంచి తీసి, మెత్తగా ఉన్నప్పుడే సైకిలు చువ్వ మీద వంచి, చిన్న రాగి గొట్టానికి దారంతో చుట్టేవాడు. నూరు చేస్తే ఒకటి పలికింది. అది పలికిన రోజు నాకు ఫోన్ చేసి మాట్లాడకుండా దాన్ని ఊది వినిపించాడు. సన్నాయి కూడా లేదు, ఒట్టి సీవాళి. బాతు పిల్లలా కువకువమంది. "ఏడస్తా ఉండాది చూడు, పుట్టినాది" అన్నాడు. పళ్ళు లేని నోటితో ఆయన నవ్వడం ఫోన్లో వినిపించింది.

దాన్ని పరీక్ష చేయడానికి గుంటల గట్టు ఆయన ఎంచుకున్న చోటు. రొయ్యలకు గాలి కోసం గుంటల్లో చక్రాలు తిరుగుతుంటాయి. వాటి నీళ్ళ చప్పుడులో పక్క మనిషి మాట వినపడదు. ఆ చప్పుడు దాటి వినపడితే పెళ్ళి పందిట్లో వినపడినట్టేనని ఆయన లెక్క. ఆయన పళ్ళు పోయినాయి కాబట్టి వాయించేది నేను. అత్తను గట్టు ఆ చివర నిలబెట్టేవాడు. వినపడితే ఆమె పైట చెంగు ఎత్తి చూపించాలి.

ఎన్ని సీవాళీలు మార్చి వాయించినా చెంగు పైకి లేచేది. ఆయనకు అనుమానం వచ్చింది. నా చెవిలో, "ఈసారి బుగ్గలు పొంగించు, ఊదబాకు" అన్నాడు. నేను సన్నాయి ఎత్తి, బుగ్గలు పొంగించి, వేళ్ళు ఆడించాను. చప్పుడు లేదు. గట్టు ఆ చివర అత్త చెంగు ఎత్తి రెండుసార్లు ఊపింది కూడా.

ఆయన పంచె పైకి కట్టి గట్టు మీద పరుగెత్తాడు. "ఏమ్మే, ఏం వినపడిందే నీకు?"

"నువ్వు ఎండలో మాడతా ఉంటే పాపమని ఎత్తినా. ఇంటికి పోదాం రా. కూర అడుగంటి ఉంటాది ఈపాటికి."

"నా మీద పాపం చూపించబాకు. వినపడకపోతే వినపడలేదని చెప్పు. నువ్వు అబద్ధం చెప్తే నేను మంచిదాన్ని పారేసి చెడ్డదాన్ని ఉంచుకుంటా. నా పనంతా చెడిపోతాది, తెలుసా?"

కోపంలో కూడా ఆయన గొంతు పెంచలేదు. ఆ మాట అత్తకే చెప్పాడు. పక్కన సన్నాయి పట్టుకుని నిలబడి నవ్వుతున్న నేనూ విన్నాను.

ఆరు నెలలకు సీవాళి కుదిరింది. గట్టు ఆ చివర చెంగు నిజంగానే లేచింది. కోవూరు వైపు ఒక మేళం, గూడూరు దగ్గర ఒకటి, ఇంకా అటూ ఇటూ కలిపి ఆరు మేళాల వాళ్ళు ఆయన దగ్గర తీసుకున్నారు. ఇచ్చేటప్పుడు ప్రతి మనిషికీ ఒక్కటే చెప్పేవాడు. "వేడితో వంచినాను. మళ్ళీ వేడి తగిలితే విప్పుకుంటాది. నోట్లో తడుపుకో చాలు. వేడినీళ్ళు మాత్రం దీనికి చూపించబాకు." ఎన్నిసార్లు చెప్పాడంటే, ఆయన ఎదురుపడితే చాలు, నమస్కారం బదులు "వేడినీళ్ళు చూపించలేదు మామా!" అని అందరూ ఆటపట్టించేవాళ్ళు. ఆ ఆటలో మొదటి గొంతు నాదే.

ఏడాది గడిచింది. మా నాయన కాలం చేసి మేళం నా చేతికి వచ్చింది. ఆ సమయంలోనే ఒక రొయ్యల గుంటల యజమాని కూతురి పెళ్ళికి మమ్మల్ని పిలిచారు. పొద్దున పదింటికి ముహూర్తం. తెల్లవారినప్పటి నుంచి నేను రెల్లు సీవాళితో వాయిస్తున్నాను. వాన ముసురు పట్టిన రోజు, తొమ్మిదికల్లా అది నాని బరువెక్కింది. మామను టిఫిను తిని రమ్మని పంపి, ముహూర్తానికి ఆయన సీవాళి పెడదామని పెట్టెలోంచి తీశాను.

ఇక్కడ జరిగింది చాలా చిన్న పని. రెల్లు సీవాళిని వాయించే ముందు వేడినీళ్ళల్లో వేసి, నీళ్ళు చల్లారేదాకా ఉంచి తీయడం మా ఇంటి అలవాటు. మా నాయన అలా చేసేవాడు. పదిహేనో ఏట నుంచి నేనూ అలాగే చేస్తున్నాను. వంటశాల వైపు చూసి "ఒక గ్లాసు వేడినీళ్ళు" అని కేక వేశాను. వాళ్ళు అన్నానికి కాగుతున్న ఎసరులోంచి ముంచి తెచ్చిచ్చారు. సీవాళిని అందులో వేశాను. వేసి, పెళ్ళికొడుకు వాళ్ళెవరో మాట్లాడిస్తే అటు తిరిగి మాట్లాడాను. నా చెయ్యి చేసిన పని నా బుద్ధికి తెలియలేదు. ఎప్పుడూ ఆయన్ను ఆటపట్టించే ఆ మాట ఆ క్షణాన నాకు గుర్తే రాలేదు.

గట్టిమేళం అని పంతులుగారు చెయ్యెత్తారు. గ్లాసులోంచి తీసి, విదిలించి, సన్నాయికి తగిలించి ఊదాను. ఒట్టి గాలి వచ్చింది. ఉఫ్ మని, సైకిలు ట్యూబులోంచి గాలి పోయినట్టు. మళ్ళీ ఊదాను. అంతే. డోలు ఒక్కటే మోగుతుండగా తాళి కట్టడం అయిపోయింది.

పెళ్ళికూతురి నాయనమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. యజమాని పందిట్లోంచి నా దగ్గరికి వచ్చాడు. "ఏందయ్యా ఇది? నా బిడ్డ మెళ్ళో తాళి పడే టైముకు మూగబోయినావే?"

అప్పటికి నాకు తెలిసిపోయింది. గ్లాసు నా కాలి దగ్గరే ఉంది, ఇంకా ఆవిరి వస్తోంది. మేళం నా చేతికి వచ్చిన మొదటి ఏడాది. ఇంత పెద్ద పెళ్ళి చెడగొట్టాడంటే ఇక ఎవరూ పిలవరు. ఇంతలో మామ మూతి తుడుచుకుంటూ పరుగున వచ్చి నా పక్కన నిలబడ్డాడు. నేను సీవాళి తీసి యజమానికి చూపించాను.

"ఇది ప్లాస్టిక్‌ది సార్. మామ చేసినాడు. పలకతాదని చెప్తే నమ్మి పెట్టినాను."

"ప్లాస్టిక్కా? నా బిడ్డ పెళ్ళిలో ప్లాస్టిక్ పెట్టి ఆటలాడతారా?"

అంతమంది చూస్తుండగా మామ చేతులు జోడించాడు. "తప్పు నాదయ్యా. పిల్లోడికి తెలీదు" అన్నాడు. నాకప్పుడు నలభై ఒక్క ఏళ్ళు. నేను కాలితో ఆ గ్లాసును కుర్చీ కిందికి నెట్టాను.

సామాను ఆటోలో ఎక్కించాక ఆయన సీవాళిని వెలుతురుకు ఎత్తి చూశాడు. రేకులు రెండూ పక్కలకు విచ్చుకుని ఉన్నాయి. చాలాసేపు తిప్పి తిప్పి చూసి అడిగాడు.

"వేడినీళ్ళల్లో పెట్టినావా అబ్బయా?"

తిట్టే గొంతు కాదు. డాక్టరు అడిగినట్టు అడిగాడు.

"లేదు మామా."

"నోట్లోనే తడిపినావా?"

"అంతే మామా."

"ఎంతసేపు?"

"కాసేపు."

తల ఊపాడు. "అయితే నోటి వేడికే విప్పుకున్నాది" అన్నాడు తనలో తనే అనుకుంటున్నట్టు. దాన్ని జేబులో పెట్టుకున్నాడు. నా మాట అబద్ధమేమోనన్న అనుమానం ఆ ముఖంలో ఏమైనా కనిపిస్తుందేమోనని దారి పొడవునా చూశాను. కనిపించలేదు. కనిపించి ఉంటే నాకు ఇంత బరువు ఉండేది కాదేమో.

మేళాల వాళ్ళకు కబురు పాకడానికి వారం పట్టలేదు. ఆరుగురూ సీవాళీలు తిరిగిచ్చేశారు. ఒకాయన గుమ్మం దగ్గర కాగితం పొట్లం పెట్టి, పిలవకుండానే వెళ్ళిపోయాడు. అమ్మవారి గుళ్ళోకి ప్లాస్టిక్ తేవద్దని ఆయనకు చెప్పారు. ఆయన దాదాపు రోజూ పొద్దున వెళ్ళి కూర్చునే గుడి అది. రోడ్డు మీద "ప్లాస్టిక్ మామా" అనేవాళ్ళు, నమస్కారం బదులు కాదు, నవ్వడానికి. నేనెప్పుడూ అలా అనలేదు. అన్నవాళ్ళను ఆపనూ లేదు.

అసలు తప్పు అది కూడా కాదు. పరువు పోతే పోయిందని ఆయన ఆపేసి ఉంటే ఒక రకంగా బాగుండేది. ఆపలేదు. నేను చెప్పిన అబద్ధాన్ని పట్టుకుని దాని వెంట పడ్డాడు. మనిషి నోటి వేడికి కూడా విప్పుకోని ప్లాస్టిక్ కావాలి. అది ఆయనకు కొత్త లెక్క. లేని జబ్బుకు మందు వెతకడం మొదలైంది.

పొద్దున్నే ఒక సీవాళి నోట్లో పెట్టుకుని అరుగు మీద కూర్చునేవాడు. పెళ్ళి ఎంతసేపు జరుగుతుందో అంతసేపు. ఎవరైనా పలకరిస్తే చేత్తో సైగ. నేను వెళితే అత్త నవ్వుతూ చెప్పేది. "మీ మామ నోట్లో అది పెట్టుకుంటే మూడు గంటలు మాట్లాడడబ్బయా. ఇన్నేళ్ళ కాపురంలో ఇంత సుఖం నాకెప్పుడూ లేదు." ఆయన కళ్ళతోనే ఆమెను తిట్టేవాడు.

తీసి చూస్తే సీవాళి చెక్కు చెదిరేది కాదు. ఎట్టా చెదురుతుంది? అందులో లోపం ఏమీ లేదు కదా. ఆయనకు మాత్రం అది బాగుండడమే బెంగ. అక్కడ చెడింది ఇక్కడ చెడదేం? ఒకవేళ వయసు మీద పడి తన నోరు చల్లబడిందేమో. అలా ఆలోచించి ఒకరోజు నన్ను రమ్మన్నాడు.

"నీ నోట్లో గదా అది చెడింది. నీ నోట్లోనే పెట్టి చూడాల" అన్నాడు. అరుగు మీద కూర్చోబెట్టి, కడిగి తెచ్చిన సీవాళి నా పెదవుల మధ్య పెట్టాడు. లోపలి నుంచి గోడ గడియారం తీసుకొచ్చి ఒళ్ళో పెట్టుకున్నాడు. నాకెదురుగా కూర్చున్నాడు.

"గంట. మాట్లాడబాకు. గాలి పోతే లెక్క తప్పతాది."

గంటసేపు ఆయన నా ముఖంలోకి చూస్తూ కూర్చున్నాడు. ముల్లు కదలడం, గుంటల్లో చక్రాల చప్పుడు, అంతే. నా నోరు సీవాళితో మూసి ఉంది. చెప్పు, చెప్పు అని లోపల ఎవరో అంటుంటే, నోట్లో ఇది ఉంది కదా, తీశాక చెబుతాను అని నాకు నేనే జవాబు చెప్పుకున్నాను. ఆ గంటలో నేను నిజంగానే చెప్పాలని తీర్మానించుకున్నాను. ఇది ఇక్కడ రాయడం గొప్ప కోసం కాదు. తీర్మానించుకుని కూడా ఏం చేశానో చెప్పడానికి.

గంట అయింది. ఆయన సీవాళి తీసి చొక్కా అంచుతో తుడిచి ఎండకు పట్టాడు.

"ఏం కాలా" అన్నాడు. "నీ నోట్లో కూడా ఏం కాలా. మరి ఆ రోజు ఏం జరిగింటాది అబ్బయా?"

అడిగి నా వైపు చూశాడు. ఆ చూపులో అనుమానం లేదు, సాయం అడగడం ఉంది.

"ఆ రోజు నాకు జ్వరంగా ఉన్నింది మామా" అన్నాను.

ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలియదు. ఆయన ముఖం మాత్రం విచ్చుకుంది. తొడ మీద చరుచుకుని "అట్టా చెప్పు! అదీ సంగతి. జ్వరంతో వాయించినావా? చెప్పలేదేందిరా అప్పుడే? జ్వరమొచ్చినోడు ఊదినా నిలబడాల అయితే" అంటూ లేచాడు. లోపలికి వెళుతూ "ఏమ్మే, అబ్బయకు కాఫీ ఇయ్యి, వీడు జ్వరంతో పెళ్ళి వాయించినాడంట" అని అత్తకు చెప్పాడు. అత్త కాఫీ ఇచ్చి నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. నేను కాఫీ తాగి వచ్చేశాను.

ఆ తర్వాత మూడేళ్ళు ఆయన జ్వరానికి నిలబడే సీవాళి కోసం పనిచేశాడు. ఎన్ని సీసాలు కోశాడో. కళ్ళు మసకబారితే అత్త చేత దారం ఎక్కించుకుని కట్టాడు. నేను నెలకోసారి వెళ్ళి చూసి వస్తుండేవాణ్ణి. మంచి మేనల్లుడినని ఊళ్ళో అనుకునేవాళ్ళు.

పదకొండో రోజు కార్యం అయ్యాక, చుట్టాలు భోజనాలు చేసి వెళ్ళిపోయాక, అత్త నన్ను లోపలికి పిలిచింది. ఆయన చొక్కాలు మడత పెడుతోంది. జేబుల్లోంచి మూతలు తీసి ఒక పక్కన పోస్తోంది. వాటి మధ్యలోంచి చిన్న గుడ్డ మూట తీసి నా చేతిలో పెట్టింది. విప్పితే ఒక సీవాళి.

"ఇది నీకియ్యమన్నాడు. ఆఖరి జ్వరంలో ఒళ్ళు కాలిపోతా ఉండాది. నూట మూడు. ఆ జ్వరంలో లేచి కూర్చుని సీవాళి తెమ్మన్నాడు. ఎందుకయ్యా ఇప్పుడు అంటే, ఇప్పుడే గదే పరీక్ష, మళ్ళీ ఇంత జ్వరం ఎప్పుడొస్తాదో అన్నాడు. నోట్లో పెట్టుకున్నాడు. తియ్యమన్నా తియ్యలా. గడియారం నా చేతికిచ్చి గంట చూడమని సైగ చేసినాడు. నేను గడియారం చూస్తా కూర్చున్నా. గంటయ్యాక తీసి చూసి, అబ్బయకు చెప్పవే, జ్వరానికి కూడా నిలబడిందని చెప్పు, ఈసారి వాడు భయపడకుండా వాయించుకోవచ్చు అన్నాడు. ఎంత సంతోషమో. ఆ మర్నాడు ఇంక తెలివి లేదు."

చెప్పేశాను. గ్లాసు, ఎసరు నీళ్ళు, కుర్చీ కిందికి నెట్టడం, అంతా. అత్త చొక్కా మడతపెట్టడం ఆపలేదు. నేను ముగించాక ఒక్క ప్రశ్న అడిగింది.

"జ్వరం కూడా అబద్ధమేనా?"

"అదీ అబద్ధమే అత్తా."

చొక్కా ఒళ్ళో పెట్టుకుని ఆమె దాని గుండీలు ఒక్కొక్కటే పెట్టింది. బయట ఎవరో గిన్నెలు కడుగుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"నాకు చెప్తే ఏమొస్తాది?" అంది ఆఖరికి. "ఆయనకు చెప్పాల్సింది. అది అయిపోయింది. తిరిగిచ్చేసినోళ్ళు ఆరు మంది ఉండారు గదా. వాళ్ళ గడపలు తొక్కి చెప్పు పో."

"కాగితం మీద కూడా రాస్తానత్తా. ఆయన పేరుతో."

"ఆయన పేరెందుకు? ఆయనేం చేసినాడని? తప్పు నీది, నీ పేరు పెట్టుకో."

అందుకే ఇందులో ఆయన పేరు లేదు.

ఆరు ఇళ్ళకూ వెళ్ళాను. ఒకాయన నవ్వేసి, "పోనీలేన్నా, ఎప్పటి మాటో" అన్నాడు. ఒకాయన తలుపు దగ్గరే నిలబెట్టి విని, కూర్చోమనలేదు. అది నాకు కొంచెం తేలిగ్గా అనిపించింది. ఒకాయన, "ఇంతకాలం ఆయన ఎదురుపడితే మొహం తిప్పుకుని పోయినానే" అని తల పట్టుకున్నాడు. అన్నిటికంటే కష్టమైంది కోవూరు వైపు పెద్దాయన ఇల్లు. ఆయన అంతా విని, కోప్పడకుండా దగ్గరికి జరిగి కూర్చున్నాడు.

"ఏడాది వాయించినానయ్యా దాన్ని. ఏ వానకూ ముసురుకూ మారలా. నీ మాట నమ్మి ఇచ్చేసినా. సరే, అయిందేదో అయింది. మాకు కావాల అవి. నువ్వు ఆయన పక్కనే ఉండేవాడివి గదా. ఎట్టా చేసేవాడో చెప్పు. మనం చేసుకుందాం."

చెప్పాను. సీసాలో ఏ భాగం కోయాలో, కత్తిని ఏ వాటంగా పట్టాలో, దారం ఎన్ని చుట్లు వేయాలో.

"నీళ్ళు ఎంత వేడి ఉండాల? ఎంతసేపు ముంచాల?"

నాకు తెలియదు. ఇంటికొచ్చి నలభై ముక్కల దాకా ముంచి చూశాను. వేడి ఎక్కువైతే ముడుచుకుపోతోంది, తక్కువైతే వంగడం లేదు. అత్తను అడిగితే, "పొయ్యి దగ్గరికి నన్ను రానిచ్చేవాడు కాదు, నీళ్ళల్లో వేలు ముంచి తనే చూసుకునేవాడు" అంది. ఆయన నీళ్ళు పొయ్యి మీద పెట్టి "రా అబ్బయా, చూద్దువు" అని నన్ను పిలిచిన రోజులు ఎన్నో ఉన్నాయి. ఆ నాలుగేళ్ళలో ఆయన ఆ గిన్నె పొయ్యి మీద పెట్టినప్పుడల్లా నేను ఏదో ఒక పని చెప్పి లేచి వచ్చేసేవాణ్ణి.